వెంటిలేటర్ మీదున్న జీబీఎస్ పేషెంటుకు వీఆర్ హెడ్‌సెట్: ఒక కేసు వివరం

పేషెంటు వయసు 50కి దగ్గర. ఆర్టీసీ బస్సు డ్రైవరు, గోదావరి జిల్లాల మనిషి. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఈ కేసు రాయడానికి ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్నారు.

మొదట రెండు మూడు రోజులు విరేచనాలయ్యాయి, తగ్గిపోయాయి. పది రోజుల తర్వాత అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. ఆ మర్నాడు బస్సు క్లచ్ గట్టిగా ఉందని డిపోలో మెకానిక్‌కి చూపించారట. క్లచ్ బాగానే ఉంది. ఇంకో రెండు రోజులకి కుర్చీలోంచి లేవలేకపోయారు. మా దగ్గరికి వచ్చేసరికి మోకాళ్ల దగ్గర రిఫ్లెక్సులు లేవు, మాట ముక్కుతో వస్తోంది, మంచినీళ్లు తాగితే పొలమారుతోంది. గిలియన్ బారే సిండ్రోమ్, అంటే జీబీఎస్. 2025 జనవరిలో పూణేలో వరుసగా కేసులు వచ్చినప్పటి నుంచి ఈ పేరు చాలామంది విన్నారు. కడుపులోనో మరోచోటో వచ్చిన ఇన్‌ఫెక్షన్ మీద పోరాడాల్సిన రోగనిరోధక శక్తి, పొరపాటున సొంత నరాల మీదికే మళ్లడం వల్ల వస్తుంది.

ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలని నరంలోకి ఎక్కించే మందు) మొదలుపెట్టాం, కిలోకి 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులు. ఆ ఐదు రోజుల్లోనే ఊపిరి బలం పడిపోయింది. ఈ జబ్బులో వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటరు 98 చూపిస్తూనే ఉంటుంది, దాన్ని నమ్ముకుంటే ఆలస్యమైపోతుంది. చూడాల్సింది గట్టిగా ఊపిరి పీల్చి వదిలితే ఎంత గాలి వస్తోందన్నది. అది కిలోకి 20 మిల్లీలీటర్ల కంటే తగ్గగానే శ్వాసనాళంలోకి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టాం. త్వరగా తేలే వ్యవహారం కాదని అర్థమయ్యాక రెండో వారంలో ట్రకియాస్టమీ (మెడ ముందు చిన్న రంధ్రం చేసి గొట్టం అమర్చడం) చేశాం.

ఇంతవరకూ మామూలు జీబీఎస్ కేసే. రాయాల్సిన సంగతి ఆ తర్వాత మొదలైంది.

ఒళ్లు కదలదు, తెలివి పోదు

జీబీఎస్‌లో దెబ్బతినేది మెదడు, వెన్నుపాముల నుంచి బయటికి వచ్చే నరాలు. మెదడుకేం కాదు. అందుకే మిగతా వెంటిలేటర్ పేషెంట్లకీ వీళ్లకీ చాలా తేడా. న్యుమోనియాతోనో, ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా ముదిరే సెప్సిస్‌తోనో వచ్చినవాళ్లు మత్తులోనో మగతలోనో ఉంటారు. ఈయన మాత్రం పూర్తి తెలివితో సీలింగ్ చూస్తూ పడుకుని ఉన్నారు. పక్క బెడ్డు మనిషికి సీపీఆర్ చేస్తుంటే విన్నారు. రౌండ్స్‌లో మేం మాట్లాడుకునేదంతా విన్నారు. దోమ వాలితే తోలుకోలేరు, ముక్కు మీద దురద పెడితే చెప్పలేరు. కళ్లు పైకీ కిందకీ తిప్పగలరు, రెప్పలు సగం మూయగలరు. పైకి చూస్తే అవును, కిందకి చూస్తే కాదు. మా సంభాషణంతా అదే.

మూడో వారంలో వెంటిలేటర్ సాయం తగ్గించడం మొదలుపెట్టాం. ప్రెజర్ సపోర్ట్ (ప్రతి ఊపిరికీ మెషీన్ ఇచ్చే తోడ్పాటు) రెండు పాయింట్లు తగ్గిస్తే చాలు, పది నిమిషాల్లో శ్వాస నిమిషానికి 35 దాటేది, నుదుటి మీద చెమట, కళ్లు పెద్దవి చేసి తలుపు వైపు చూసేవారు. మళ్లీ పాత సెట్టింగ్ పెడితే సర్దుకునేది. డ్యూటీ నోట్సులో ఒకరి తర్వాత ఒకరు 'పేషెంట్ యాంగ్షస్' అని రాస్తూ పోయారు.

నాకు ఆ మాటంటే భయం. ఐసీయూలో మనిషికి ఊపిరి ఆడకపోయినా టెన్షన్ పడుతున్నట్టే కనిపిస్తాడు. గొట్టంలో కఫం అడ్డుపడినా అంతే, ఊపిరితిత్తిలో రక్తం గడ్డ పడినా అంతే, మూత్రం గొట్టం మెలిపడి పొత్తికడుపు ఉబ్బినా అంతే. టెన్షన్ అని ఒకసారి పేరు పెట్టేశామంటే వెతకడం మానేస్తాం. అందుకని ముందు వెతికాం. బ్లడ్ గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ పెరగలేదు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. గొట్టం చుట్టూ ఉండే గాలి బుడగలో ప్రెజర్ సరిగ్గా ఉంది. వెంటిలేటర్ ట్రిగ్గర్, అంటే పేషెంటు ఎంత లాగితే మెషీన్ గాలి ఇవ్వాలన్న సెట్టింగ్, మాత్రం కాస్త బరువుగా ఉంది. బలం లేని కండరాలు లాగితే మెషీన్ పలకడం లేదు, తేలిక చేశాం. నొప్పి అడిగితే కళ్లు పైకి. జీబీఎస్‌లో నడుములోనూ తొడల్లోనూ నరాల నొప్పి బాగా వస్తుంది, చాలాచోట్ల దాన్ని అడగనే అడగరు. గాబాపెంటిన్ డోసు పెంచాం.

ఇవన్నీ చేశాక కొంత నయమైంది, పూర్తిగా కాలేదు. మిగిలినదాన్ని మాత్రం ధైర్యంగా ఆందోళన అనొచ్చు. ఎంత ఉందో కొలవడానికి ఐదు ముఖాల బొమ్మలున్న స్కేలు వాడాం. ఏ ముఖం దగ్గర కళ్లు పైకెత్తితే ఆ అంకె. సాయం తగ్గించే ముందే, అంటే ఇంకా ఏమీ చేయకముందే, ఆయన నాలుగో ముఖం దగ్గర కళ్లెత్తేవారు. తగ్గించాక ఐదు.

గుండె వేగాన్ని లెక్కలోకి తీసుకోలేదు. జీబీఎస్‌లో గుండెనీ బీపీనీ నడిపే నరాలు కూడా దెబ్బతింటాయి. ఏ కారణం లేకుండానే పల్స్ 130కి పోతుంది, సక్షన్ (గొట్టంలోంచి కఫం లాగడం) చేస్తుంటే 40కి పడిపోతుంది. ఈ పేషెంట్లలో మానిటర్ చూసి మనసు స్థితి చెప్పడం కుదరదు.

మందు ఎందుకు కాదు

సులువైన దారి మిడజోలం అనే మత్తుమందు ఇవ్వడం. ఇస్తే ఊపిరి మందగిస్తుంది, అసలు మన ప్రయత్నమే ఊపిరి ఆయనే తీసుకోవాలని. పైగా ఆ జాతి మందులతో డెలీరియం (ఏది నిజమో తెలియని అయోమయం) వచ్చే అవకాశం పెరుగుతుంది; ఈయనకి మిగిలిందల్లా తేటగా ఉన్న మెదడొక్కటే. ఇంకో మత్తుమందు డెక్స్‌మెడిటోమిడిన్ శ్వాసని అంతగా తగ్గించదు గానీ పల్స్‌నీ బీపీనీ పడేస్తుంది. సక్షన్‌కే పల్స్ 40కి పడే మనిషికి అది ఎక్కించడం నాకు ఇష్టం లేకపోయింది. డిప్రెషన్ మాత్రలు పని మొదలుపెట్టడానికే వారాలు పడుతుంది. అమెరికా క్రిటికల్ కేర్ సొసైటీ 2025లో తన మార్గదర్శకాలు సవరించినప్పుడు కూడా, ఐసీయూలో ఆందోళనకి బెంజోడయాజెపైన్లు (మిడజోలం జాతి మందులు) వాడాలా వద్దా అన్నది ఎటూ తేల్చలేదు.

మా యూనిట్‌లో వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్, అంటే కళ్లకి తగిలిస్తే చుట్టూ వేరే చోటు ఉన్నట్టు చూపించే పరికరం, ఒకటి అప్పటికే ఉంది, ఫిజియోథెరపీ వాళ్లు స్ట్రోక్ పేషెంట్ల చేతి వ్యాయామాలకి తెచ్చుకున్నది. ఆసుపత్రుల్లో ఈ వస్తువు కొత్తేం కాదు. అమెరికాలో సియాటిల్‌లోని హార్బర్‌వ్యూ బర్న్ సెంటర్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ 1990ల చివర్లోనే కాలిన గాయాలకి డ్రెస్సింగ్ మార్చేటప్పుడు దీన్ని వాడారు. మంచు లోయలో మంచుముద్దలు విసిరే ఆటని ఆ తర్వాత ఇందుకోసమే తయారుచేశారు. మనసు పెట్టే ధ్యాస కొంతే ఉంటుంది, అందులో ఎక్కువ భాగం ఆట లాగేసుకుంటే నొప్పికి మిగిలేది తక్కువ, ఇదీ వాళ్ల వాదన. ఐసీయూల్లో వాడకం ఆ తర్వాత మొదలైంది. ఫ్రాన్స్‌లో మాంపెల్యే బృందం 2022లో వీఆర్‌నీ సంగీతాన్నీ పోల్చి చూసింది. నెదర్లాండ్స్‌లో రాటర్‌డామ్ ఎరాస్మస్ ఆసుపత్రివాళ్లు మరో దారి పట్టారు: సెప్సిస్ నుంచి బయటపడినవాళ్లకి, మీరు ఉన్న ఐసీయూ ఇదీ, ఈ గొట్టం ఇందుకూ, ఈ శబ్దం ఇదీ అని వీఆర్‌లోనే తిప్పి చూపించడం.

ఇంత చెప్పాక ఇదీ చెప్పాలి. అమెరికా క్రిటికల్ కేర్ సొసైటీ 2018 మార్గదర్శకాలు ఐసీయూలో నొప్పికి వీఆర్ ఇవ్వకపోవడమే మంచిదన్నాయి. హాని జరుగుతుందని కాదు, రుజువు బాగా బలహీనంగా ఉందని. ఆందోళన మీద వచ్చినవి ఎక్కువగా చిన్న అధ్యయనాలే. పెట్టుకున్నంతసేపూ హాయిగా ఉందని పేషెంట్లు చెప్తారు. అంతకుమించి వెంటిలేటర్ రోజులు తగ్గుతాయనో డెలీరియం ఆగుతుందనో గట్టిగా చెప్పే ఆధారం లేదు. ఆయన భార్యకి కూడా ఇదే చెప్పాం. ఆవిడ అడిగింది ఒక్కటే: "కళ్లకేం కాదు కదండీ?"

ఆ ప్రశ్న మేం అనుకున్నదానికంటే సరైన ప్రశ్న.

కళ్లు మూసేస్తే మాట ఎలా

హెడ్‌సెట్ పెడితే కళ్లు కనిపించవు. ఈయనకి మాట్లాడే దారే కళ్లు. అంటే టెన్షన్ తగ్గించడానికని ఆయన నోరు మూసేస్తున్నాం. వీఆర్ గురించి రాసేవాళ్లు బరువు గురించీ వికారం గురించీ రాస్తారు గానీ దీని గురించి నేను పెద్దగా చదవలేదు. కదలలేని పేషెంటు విషయంలో నా దృష్టిలో మొదటి షరతు ఇదే: కళ్లు కాకుండా 'తీసేయండి' అని చెప్పడానికి ఇంకో దారి ఉండాలి. లేకపోతే పెట్టకూడదు.

జీబీఎస్‌లో బలం సాధారణంగా పైనుంచి కిందికి తిరిగొస్తుంది. ఈయనకి ఎడమ భుజం కొద్దిగా ఎగరేయడం వచ్చింది. అది నమ్మకంగా, అడిగిన ప్రతిసారీ వస్తోందని తేలేదాకా ఆగాం. ఒకసారి ఎగరేస్తే బాగుంది, రెండుసార్లు ఎగరేస్తే తీసేయాలి. హెడ్‌సెట్ లేకుండా రోజంతా నర్సులతో దాన్ని ప్రాక్టీసు చేయించాం. సెషన్ జరుగుతున్నంతసేపూ ఒక సిస్టర్ చేయి ఆ భుజం మీదే ఉండాలి, ఫోన్ వచ్చినా కదలకూడదు.

కంటి సంగతి. ముఖం నరాలు బలహీనమై రెప్పలు పూర్తిగా మూతపడవు కాబట్టి నల్లగుడ్డు ఎండిపోయి పుండు పడకుండా రోజంతా జెల్ వేస్తుంటాం. జెల్ వేసిన కంటికి అంతా మసకే. సెషన్‌ని జెల్ వేసే ముందు టైముకి జరిపి, తీయగానే వేసేలా షెడ్యూల్ మార్చాం. కంటి డాక్టరు చేత ఒకసారి చూపించాకే మొదలుపెట్టాం.

పడుకున్న మనిషికి ఇంకో చిక్కుంది. ఈ పరికరాలన్నీ కూర్చున్నవాళ్ల కోసమో నిలబడ్డవాళ్ల కోసమో తయారైనవి. వెల్లకిలా పడుకున్నవాళ్లకి మామూలుగా పెడితే ఆకాశం తప్ప ఏమీ కనపడదు. ఆయన చూపు ఎటుందో అటే 'ముందు' అయ్యేలా దృశ్యాన్ని సర్దాలి. మేం తలవైపు 40 డిగ్రీలు ఎత్తి, హెడ్‌సెట్ పెట్టాక మళ్లీ సర్ది, మెడకి రెండు వైపులా చుట్టిన తువ్వాళ్లు పెట్టేవాళ్లం. పరికరం అర కిలో దాకా ఉంటుంది, మెడ బలం లేని మనిషికి అది తక్కువ బరువు కాదు. వెనక పట్టీ ట్రకియాస్టమీ టేపు మీదికి రాకుండా చూసుకోవాలి. దృశ్యాన్ని చేతిలోని టాబ్లెట్‌లో మేమూ చూస్తుండేవాళ్లం, ఆయన ఏం చూస్తున్నారో తెలియకపోతే ఎందుకు బెదిరారో తెలీదు.

శుభ్రం చేయడం గురించి పెద్దగా చెప్పను. మన ఐసీయూల్లో మొండి బ్యాక్టీరియా ఎంత ఉందో అందరికీ తెలుసు. స్పాంజి ప్యాడ్ తీసేసి కడగదగ్గ సిలికాన్ ప్యాడ్ వేశాం, పైన వాడి పారేసే కవరు, ఒక పేషెంటుకి నడుస్తున్నంతకాలం ఇంకో పేషెంటుకి పెట్టలేదు. లెన్సుల మీద స్పిరిట్ వాడితే పూత పోతుంది, అది హౌస్‌కీపింగ్ వాళ్లకి రాసి అంటించాల్సి వచ్చింది.

ఏం చూపించాం

హెడ్‌సెట్‌తో వచ్చే రిలాక్సేషన్ యాప్‌లలో సగం 'గట్టిగా గాలి పీల్చండి, నెమ్మదిగా వదలండి' అని చెప్పేవే. బయటివాళ్లకి మంచివే. ఊపిరి కండరాలు నీరసించి, మెషీన్‌తో పాటు ఊపిరి తీసుకుంటున్నవాడికి అవి పనికిరావు. ఆ గొంతు చెప్పినట్టు చేయబోతే మెషీన్‌తో తాళం తప్పుతుంది, చేయలేకపోతే 'ఇది కూడా నా వల్ల కాలేదు' అనిపిస్తుంది. అవన్నీ పక్కన పెట్టాం. సముద్రం అడుగున చేపల మధ్య తేలే వీడియోలు కూడా పక్కన పెట్టాం. ఊపిరి ఆడదేమో అని భయపడుతున్న మనిషిని నీళ్లలోకి దించడమేంటి?

మొదట మంచుకొండల వీడియో పెట్టాం. రెండు నిమిషాలకి ఒకసారి భుజం ఎగరేశారు, బాగుందని. తీశాక ముఖాల బొమ్మలు చూపిస్తే మళ్లీ నాలుగే. మర్యాదకి బాగుందన్నారని నా అనుమానం. తర్వాత రోజు కారులో కొండదారిన వెళ్లే వీడియో. డ్రైవరు కదా ఇష్టపడతారనుకున్నారు మా ఫిజియో. నిమిషం కాకుండానే భుజం రెండుసార్లు ఎగిరింది. తర్వాత బోర్డు మీద అక్షరాలు చూపిస్తూ అడిగితే వచ్చిన జవాబు: బ్రేకు నా కాలి కింద లేదు. వికారం కూడా వచ్చిందట. కన్ను కదులుతోందంటుంది, చెవిలోని సమతుల్యత యంత్రాంగం లేదంటుంది, అందుకే వికారం. ఆ తర్వాత కెమెరా కదిలే వీడియో ఏదీ పెట్టలేదు.

అప్పుడు ఆయన కొడుకు ఒక మాటన్నాడు. వాళ్ల ఊళ్లో పెళ్లి వీడియోలు తీసే స్టూడియో అబ్బాయి దగ్గర చుట్టూ తీసే 360 కెమెరా ఉందట. ఇల్లు తీసుకురానా అని అడిగాడు. నేను ఆలోచించాను. ఇల్లు చూపిస్తే బెంగ పెరగొచ్చు. ఆయన్నే అడిగాం. కళ్లు పైకి, రెండుసార్లు.

కొడుక్కి మూడు సంగతులు చెప్పాం. కెమెరా స్టాండు కదలకూడదు. కూర్చున్న మనిషి కళ్ల ఎత్తులో పెట్టాలి. నిలువెత్తున పెడితే పడుకున్నవాళ్లకి గాల్లో తేలుతున్నట్టుంటుంది. కెమెరా వైపు తిరిగి ఎవరూ మాట్లాడకూడదు, ఏడవకూడదు, త్వరగా వచ్చేయ్ అనకూడదు. మామూలుగా జరిగేది జరగనివ్వాలి. అతను సాయంత్రం పూట అరుగు మీద కెమెరా పెట్టి వదిలేశాడు. ఇరవై నిమిషాలు. వీధిలో సైకిలు మీద పాలు పోసే మనిషి వెళ్తాడు, గేదె తోకతో ఈగలు తోలుకుంటుంది, వెనకాల వంటింట్లో కుక్కరు కూత పెడుతుంది, ఎదురింటి పెద్దావిడ ఎవర్నో తిడుతుంది. అంతే. వీడియోగా చూస్తే అందులో ఏమీ లేదు.

మొదటిసారి పెట్టగానే హెడ్‌సెట్ కింద నుంచి కన్నీళ్లు కారాయి. సిస్టర్ తీసేయబోయింది. భుజం కదల్లేదు. "బాబాయ్, తీసేయనా?" అని అడిగితే కూడా కదల్లేదు. ఉంచాం. పూర్తయ్యాక ముఖాల బొమ్మల్లో రెండో దాని దగ్గర కళ్లు పైకెత్తారు. ఏడుపుని చెడు ఫలితంగా లెక్కేసే స్కేళ్లు ఉన్నాయి. ఆయన్ని అడిగితే రేపు మళ్లీ పెట్టమన్నారు, నేను ఆ జవాబునే లెక్కలోకి తీసుకున్నాను.

ఏం మారింది, ఏం మారలేదు

అప్పటినుంచి పొద్దున ప్రెజర్ సపోర్ట్ తగ్గించే టైముకే అరుగు వీడియో పెట్టేవాళ్లం. పెట్టాక ఐదు నిమిషాలు ఆగి, ఆయనకి చెప్పి తగ్గించేవాళ్లం. చెప్పకుండా దొంగచాటుగా తగ్గిస్తే బాగా పనిచేస్తుందేమో అని మా రెసిడెంటు అన్నాడు. ఒప్పుకోలేదు. ఒక్కసారి పట్టుబడితే హెడ్‌సెట్ అంటేనే భయపడతారు. అలారం శబ్దాలు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు కూడా పెట్టలేదు. చుట్టూ మనుషులున్నారని ఆయనకి వినపడుతుండాలి.

వీడియో నడుస్తున్నంతసేపూ శ్వాస వేగం 25 దగ్గర నిలిచేది. తీశాక ఓ గంట వరకూ ఆ నిమ్మళం ఉండేది, తర్వాత మెల్లగా మళ్లీ మొదటికి వచ్చేది. వారం తిరిగేసరికి హెడ్‌సెట్ తీశాక కూడా మెషీన్ సాయం తక్కువ మీదే గడిపేయగలిగారు. ఇంకొన్నాళ్లకి టీ-పీస్ (మెషీన్ తోడ్పాటు లేకుండా ఆక్సిజన్ మాత్రం ఇచ్చే గొట్టం), ఆ తర్వాత వెంటిలేటర్ పూర్తిగా తీసేశాం.

ఇది వీఆర్ ఘనతని చెప్పను. అదే రోజుల్లో నరాలు కోలుకుంటున్నాయి, ఊపిరి బలం అంకెల్లో పెరుగుతూ కనిపించింది, నొప్పి మందు పడింది, ట్రిగ్గర్ సరిచేశాం. వీటిలో దేని వాటా ఎంతో ఒక్క కేసుతో తేలదు. నేను ఖాయంగా చెప్పగలిగేది ఇంతే: సాయం తగ్గించిన మొదటి ఇరవై నిమిషాలు ఆయనకి భరించలేనివిగా ఉండేవి, వీఆర్‌తో వాటిని దాటగలిగారు, ఆ పనికి మత్తుమందు వాడాల్సిన అవసరం పడలేదు.

రాత్రుళ్లకి ఇది పనికిరాలేదు. కళ్ల ముందు వెలుతురు పెట్టి నిద్రపుచ్చలేం. రాత్రి భయం తగ్గింది వేరే వాటితో: పది తర్వాత లైట్లు తగ్గించడం, తెల్లవారుజామున రెండింటికి స్పాంజి బాత్ చేసే పాత అలవాటు మానేయడం, చెవులకి దూది, భార్యని రాత్రి కూడా పక్కన కూర్చోనివ్వడం. చివరిదానికి పర్మిషన్ తెచ్చుకోవడం హెడ్‌సెట్ కొనడం కంటే కష్టమైంది. ఈ మధ్య ఆసుపత్రుల బ్రోచర్లలో వీఆర్ ఐసీయూ అని పెద్ద అక్షరాలు చూస్తున్నాను. విజిటింగ్ టైము రోజుకి పది నిమిషాలు పెట్టి, గోడ మీద గడియారం కూడా లేని గదిలో హెడ్‌సెట్ పెడతామంటే నవ్వొస్తుంది.

ఆయన తర్వాత కొందరికి వాడాం, కొందరికి వద్దనుకున్నాం. డెలీరియంలో ఉన్నవాళ్లకి పెట్టం. అసలే ఏది నిజమో తెలియని స్థితిలో ఇంకో లోకం తగిలించడం మంచిది కాదు. ముఖానికి బైపాప్ మాస్కు (ఒత్తిడితో గాలి ఇచ్చేది) ఉంటే హెడ్‌సెట్ కూర్చోదు, అంచు నుంచి గాలి కారిపోతుంది. ఫిట్స్ ఉన్నవాళ్లకీ, తలలో ప్రెజర్ పెరిగినవాళ్లకీ, ముఖానికి గాయాలున్నవాళ్లకీ పెట్టం. సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న ఒక పెద్దాయన పెట్టుకున్న పది సెకన్లకి లాగి పడేశారు, కళ్లకి గంతలు కట్టినట్టుందని. ఆయనకి రేడియోలో పాత పాటలు పెడితే సరిపోయింది.

డ్రైవరుగారు ఇప్పుడు వాకర్‌తో నడుస్తున్నారు. ఫాలోఅప్‌లో అడిగితే ఐసీయూలో గుర్తున్నవాటిలో పక్క బెడ్డు సీపీఆర్ ముందు చెప్పారు, అరుగు వీడియో తర్వాత చెప్పారు. ఆ రాత్రి శబ్దాలు కలలోకి వస్తున్నాయన్నారు, అందుకు సైకియాట్రిస్టు దగ్గరికి పంపాం. పాదం పైకెత్తే బలం ఇంకా పూర్తిగా రాలేదు, మడమకి స్ప్లింట్ నడుస్తోంది. మళ్లీ స్టీరింగ్ పట్టొచ్చా అని అడుగుతున్నారు. కుడి పాదం బ్రేకు మీద ఎంత వేగంగా పడుతుందో చూడకుండా నేను సంతకం పెట్టలేనని చెప్పాను. తర్వాతి పరీక్ష మూడు నెలలకి.